జంట ఆటలో కవల సోదరులు

టెన్నిసు క్రీడకు కవలలు క్రొత్తవారు కారు. 1880వ దశకమున ఇంగ్లండుకు చెందిన విలియం, ఎర్నెస్ట్ రెన్‌షా అను కవలలు వింబుల్డన్ జంటపోటీలలో పెక్కుమారులు విజేతలైరి. తరువాతి దశకమున బాడెలీ కవలలు నాలుగు పర్యాయములు గెలిచిరి. అయితే రెన్‌షా సోదరులకు ఒక చిక్కు కలిగెను. 1882, 1883, 1889 సంవత్సరములలో ఒంటరి ఆట తుదిపోటీయందు అన్నదమ్ములే ఎదురెదురుగా నిలువవలసివచ్చెను. మూడుమారులును విలియమే గెలిచెను.

కాలిఫోర్నియాకు చెందిన బాబ్, మైక్ బ్రయన్ సోదరుల తల్లిదండ్రులు ఈ చిక్కును మొదటనే తప్పించిరి. 1978 ఏప్రిల్ 29న జన్మించిన ఆ కవలలు బాలల పోటీలలో ఇరువురును తుదికి చేరినచో, ఒకమారు ఒకడు, మరుమారు మరొకడు ఆటను వదలుకొనవలెనని నియమము. ఇది పిరికితనమని కొందరు తలపవచ్చును. కాని అన్నదమ్ముల నడుమ గెలుపోటముల లెక్క పెరుగకుండుటకు ఇంతకన్న సులువైన ఉపాయము కానరాదు. మైక్‌ది కుడిచేతివాటము, బాబ్‌ది ఎడమచేతివాటము. ఇరువురి సర్వీసులలో బంతి వంపు వేరువేరుగా నుండుటచే ఎదుటివారికి అలవాటు పడుట కష్టమయ్యెడిది.

వారి మొదటి గ్రాండ్‌స్లామ్ విజయము 2003లో పారిస్ నగరమున రోలాఁ గారోస్ మైదానమున లభించెను. ఆ పేరుగల వైమానికుడు రీయూనియన్ ద్వీపమున జన్మించినవాడు. పందొమ్మిదవ శతాబ్దమున యానాం నుండియు, పుదుచ్చేరి నుండియు కూలీలు ఓడలెక్కి పోయిన ద్వీపమదియే.

అటుపై సోదరులు కలిసి సాధించిన గ్రాండ్‌స్లామ్ బిరుదులు మొత్తము 16: ఆస్ట్రేలియాలో 6, అమెరికాలో 5, వింబుల్డన్‌లో 3, ఫ్రాన్సులో 2. వీనిలో ఆరు తుదిపోటీలయందు ఓడినవారిలో భారతీయులుండిరి. 2006, 2008, 2012లలో లియాండర్ పేస్ విదేశీ జోడీదారులతో ఓడెను. 2009లో మహేశ్ భూపతి, 2010లో పాకిస్తాను ఆటగాడు ఖురేషితో కూడి రోహన్ బోపన్న పరాజితులైరి. 2011లో పేస్, భూపతులు మరల చేయి కలిపియు మెల్బోర్నులో నిలువజాలకపోయిరి.

లండన్ ఒలింపిక్ స్వర్ణముతో మొదలిడి, 2012 అమెరికా బిరుదు, 2013లో ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, వింబుల్డన్ బిరుదులు వరుసగా వారి చేతికి చిక్కెను. ఇంకొక్కటి గెలిచినచో ఒకే సంవత్సరమున నాలుగును గెలిచినట్లగును. 1951లో సెడ్జ్‌మన్, మెక్‌గ్రెగర్ జంట తరువాత పురుషులలో ఎవరికిని అది సాధ్యము కాలేదు. న్యూయార్కులో సెమీఫైనలున మొదటి సెట్టు గెలిచియు సోదరులు ఓడిరి. ఓడించినది పేస్, స్టెపానెక్ జంట! పలుమారులు పరాజయము చవిచూచిన పేస్‌కు అప్పుడు నలుబదియేండ్లు. ఆ బిరుదును సయితము అతడే గైకొనెను.

2018లో బాబ్ తుంటి దెబ్బతిని శస్త్రచికిత్స జరిగెను. ఆ ఏడు మైక్, జాక్ సాక్ అను యువకునితో కూడి వింబుల్డన్, అమెరికా బిరుదులు గెలిచెను. మైక్ లెక్క 18, బాబ్ లెక్క 16 ఆయెను. చిన్నతనమున తల్లిదండ్రులు రానీయని తేడా నలుబదియవయేట వచ్చినది. అయినను తుంటిలో లోహము అమర్చుకొని బాబ్ 2019లో తిరిగివచ్చినప్పుడు మైక్ సోదరుని ప్రక్కనే నిలిచెను. 119 బిరుదులతో, 438 వారముల అగ్రస్థానముతో 2020 ఆగస్టులో ఇరువురును ఒకేమారు ఆట విరమించిరి.