వాలంటీర్లకు ఆతిథ్యం: అండమాన్ సేంద్రియ తోటలు
సేంద్రియ రైతు ఇంట తిండి, బస పొంది, కూలి తీసుకోకుండా రోజులో కొన్ని గంటలు పని చేసే పద్ధతి ఇది. 1971లో ఇంగ్లండులో స్యూ కొపార్డ్ ప్రారంభించిన ‘వూఫ్’ అనే సంస్థ దీన్ని దేశదేశాలకు చేర్చింది. అండమాన్‌లో పని ఎక్కువగా కొబ్బరి, పోక తోటల్లోనే: పోక చెట్లకు మిరియాల తీగ పాకించడం, రాలిన మట్టలను పాదుల్లో పరవడం. వానలు ఆగిన జనవరి–ఏప్రిల్ నెలల్లో ఆ పరుపే తేమను కాపాడుతుంది. విచిత్రమేమంటే, 2021లో సేంద్రియ ధ్రువీకరణ పొందిన 14,491 హెక్టార్లు కార్ నికోబార్, నాన్‌కౌరీ దీవులవి. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన ప్రకారం అనుమతి లేని బయటివారు అక్కడ అడుగుపెట్టకూడదు. దాంతో ఆతిథ్యానికి వీలు ప్రధానంగా అండమాన్ వైపే. విదేశీ అతిథి వస్తే రైతు 24 గంటల్లో అధికారులకు తెలపాలి. జీతం లేని పనికైనా వీసా షరతులు వర్తిస్తాయి.