మా చేపల పులుసుది ఏ ఊరు?

కొత్తవాళ్లెవరైనా మాతో పరిచయం చేసుకుంటే రెండో మాటకో మూడో మాటకో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘మీది అసలు ఏ ఊరు?’ చెబుతాం. నల్లగొండ దగ్గర పల్లె అంటాం, ఆదోని అంటాం, నెల్లూరు అంటాం. అడిగినవాళ్లకు తృప్తి ఉండదు. ‘అది కాదు, అంతకుముందు?’ అంటారు. అంతకుముందూ అదే ఊరు అంటే నమ్మరు. ఏ అరేబియానో, ఏ టర్కీనో చెబితే తప్ప వాళ్ల మనసులో మా బొమ్మ పూర్తికాదు.

ఆ తర్వాతి ప్రశ్న తిండి గురించి. ‘మీ ఇంట్లో రోజూ బిర్యానీయేనా?’ అడిగేవాళ్లు నవ్వుతూనే అడుగుతారు. మేమూ నవ్వుతాం. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండదు. ‘మీ వంటల వాసన మాకు పడదండీ’ అని తలుపు మూసేస్తారు. ఏ వంటల వాసన? మా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో మీరెప్పుడైనా చూశారా?

తప్పు అడిగినవాళ్లదే కాదు. మా తిండి గురించి రాసినవాళ్లంతా నవాబుల వంటశాల దగ్గరే ఆగిపోయారు. బిర్యానీ చరిత్ర రాశారు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. కానీ దూది ఏకినవాళ్లం, గాజులమ్మినవాళ్లం, రిక్షా తొక్కినవాళ్లం, బీడీలు చుట్టినవాళ్లం - మా ఇళ్లలో బిర్యానీ పండక్కో పెళ్లికో తప్ప వండింది లేదు. మిగతా రోజుల్లో ఏం వండారని ఏ చరిత్రకారుడూ మా అమ్మల్ని అడగలేదు. అందుకే మేమే చెప్పుకుంటున్నాం. చెరువు నిండిన రోజుల్లో మా ఇంట్లో చేపల పులుసు వండేవాళ్లు. మాలో కొందరు దాన్ని మఛ్లీ కా సాలన్ అంటాం. కొందరు చేపల పులుసనే అంటాం.

గంగపుత్రుల ఆడమనిషి నెత్తిన గంప పెట్టుకుని వాకిట్లోకొచ్చి ‘ఓ బీబమ్మా, కొర్రమట్టలొచ్చినయ్’ అని కేకేసేది. కొర్రమట్ట అంటే కొర్రమీను. మిగతా చెరువు చేపల్లాగా దాని కండలో సన్నముళ్లు ఉండవు. మా నానీలు నడుం ముల్లు పొడుగునా కత్తి దించి, అటూ ఇటూ ఉన్న కండను రెండు పలకలుగా విడదీసేవాళ్లు. ఉప్పూ పసుపూ రుద్ది కడిగి పక్కన పెట్టేవాళ్లు. ఆ ముల్లులేని ముక్కలు పసిపిల్లలకూ, పళ్లూడిన పెద్దలకూ. తలకాయ, నడుం ముల్లు పారేసేవాళ్లు కాదు. అవి పులుసులోకి.

ముందు పులుసు కాగాలి. నూనెలో మెంతులు, జీలకర్ర, కరివేపాకు వేసి, ఉల్లిపాయ ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, ధనియాల పొడి వేస్తారు. వేయించి నూరిన నువ్వులూ, పల్లీలూ, కొబ్బరీ కలుపుతారు. చింతపండు పిసికిన నీళ్లు పోస్తారు. తలకాయా ముల్లూ అందులో మరగాలి. పచ్చి వాసన పోయి నూనె పైకి తేలాక మంట తగ్గించి, అప్పుడు ముక్కల్ని ఒక్కొక్కటిగా జారవిడుస్తారు. చేప కండ మేక మాంసంలాంటిది కాదు, గంటలు ఉడకనక్కర్లేదు. పలచని ముక్కకు ఏడెనిమిది నిమిషాలు చాలు. కుతకుతా మరిగిందా, విచ్చుకుపోతుంది. గరిటె పెట్టకూడదు. గిన్నె రెండు అంచులూ గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. మా నానీ ‘చమ్చా నక్కో’ అనేది. పక్కింటి పెద్దమ్మ తన కోడలికి ‘గరిటె పెట్టకే’ అని చెప్పేది. గోడకు ఇవతలా అవతలా అదే జాగ్రత్త. దించిన పులుసు ఆ పూట కన్నా మర్నాడే రుచి అనడం కూడా రెండిళ్లలోనూ ఉంది.

ఇప్పుడు ఆ గిన్నెలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా నిలబెట్టి, మమ్మల్ని అడిగే ప్రశ్నే అడుగుదాం. మీది అసలు ఏ ఊరు?

చేపది ఈ చెరువే. నువ్వులు ఈ ఉపఖండంలోనే సాగులోకొచ్చిన పంట. పల్లీ దక్షిణ అమెరికాది. మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల మీద మన తీరానికి వచ్చింది. అంతకుముందు ఈ దేశంలో కారమంటే మిరియమే. ఇవాళ గుంటూరు మిర్చిని పరదేశి అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

ఇక చింత. చింతచెట్టు లేని తెలుగు ఊరు లేదు. పులుసు, చారు, పచ్చడి, చింతచిగురు పప్పు - చింత లేకపోతే తెలుగువాడి విస్తరే లేదు. ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రవేత్తలు చెబుతారు. ఎన్నో వేల ఏళ్ల కిందటే ఇక్కడికి వచ్చి వేళ్లు దింపింది. అరబ్బు వ్యాపారులకు ఆ పండు మన రేవుల్లోనే దొరికింది. వాళ్లు దాన్ని ‘తమర్ హిందీ’ అన్నారు. అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటే యూరపుకు పోయి టామరిండ్ అయింది. 1753లో లిన్నేయస్ దానికి శాస్త్రీయనామం పెడుతూ ‘టామరిండస్ ఇండికా’ అన్నాడు. ఆఫ్రికాలో పుట్టిన చెట్టుకు అరబ్బులు పెట్టిన పేరులో హిందూదేశం ఉంది, దాని శాస్త్రీయనామంలోనూ ఇండియా ఉంది. చెట్టుకు దొరికిన ఆ గౌరవం, ఆ చెట్టు కింద పుట్టిన మాకు దొరకడానికి ఇంకెన్ని తరాలు కావాలి?

ఈ వంట తీరు మేము ఎక్కడినుంచో మోసుకొచ్చింది కూడా కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో ‘మానసోల్లాసం’ రాయించాడు. అందులో రాజు భోజనాల గురించిన భాగంలో చేపలను ముక్కలు కోసి చింతపండు రసంతో వండే పద్ధతి ఉంది. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరే. ఆ పుస్తకం నాటికి దక్కన్‌లో సుల్తానులు లేరు. మిరపకాయ లేదు. చేపా చింతపండూ మాత్రం ఉన్నాయి. మరి ఆ జోడీ మా పొయ్యి మీదికి ఎలా వచ్చింది? మా ముత్తవ్వలు ఇక్కడివాళ్లే అయి, కలిమా చదివిన తర్వాత కూడా పాత పులుసునే వండుకుని ఉండాలి. లేదా ఎక్కడినుంచో వచ్చిన కొందరు మగాళ్లకు ఇక్కడి ఆడవాళ్లే వండి పెట్టి ఉండాలి. ఎలా చూసినా పొయ్యి దగ్గర కూర్చున్నది ఈ నేల ఆడదే.

అలాగని మేము ఏమీ ఇవ్వలేదని కాదు. మీ వంటింట్లో ఉన్న డేగిసా పారశీకపు దేగ్‌చా. కృష్ణాజిల్లావాళ్లు ముద్దుగా బందరు అనుకునే ఊరి పేరు పారశీకమే, బందర్ అంటే రేవు. ఆ ఊరి ఇంకో పేరు మచిలీపట్నం. అందులోని ‘మచిలీ’కి మా మఛ్లీయే మూలమని చాలామంది అంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అది పెద్ద ఓడరేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీలు పెట్టారు. కలంకారీ బట్టలు అక్కడినుంచి పారశీక దేశానికి పోయేవి. సరుకుతోపాటు మాటలూ రుచులూ ఎక్కాయి, దిగాయి. మా నానీ అన్న ‘నక్కో’ మరాఠీ మాట. మా ఉర్దూ కూడా ఇక్కడి బావినీళ్లు తాగి పెరిగిందే.

ఇంకో సంగతి. మాంసం దగ్గర మీకూ మాకూ మధ్య ఒక ప్రశ్న ఎప్పుడూ అడ్డం నిలుస్తుంది: ఎవరు కోశారు? హలాలా, కాదా? చేప దగ్గర ఆ ప్రశ్నే పుట్టదు. ఖురాన్ ఐదో అధ్యాయం సముద్రపు వేటను హలాల్ అంటుంది. చేపకు జబహ్ అక్కర్లేదు. గంగపుత్రుడు పట్టినా, ముదిరాజు పట్టినా, జాలరి పట్టినా అది మాకు హలాలే. ఆ అధ్యాయం పేరు ‘అల్ మాయిదా’. వడ్డించిన దస్తర్‌ఖాన్ అని అర్థం. ఆ దస్తర్‌ఖాన్ మీద ఎవరికీ అనుమానం లేని కూర ఇదొక్కటే. మా ఇంట్లో మాంసం ముట్టని స్నేహితులు కూడా చేపల పులుసు దగ్గర మెత్తబడేవాళ్లు. గిన్నెలు గోడ దాటేవి. ఖాళీ గిన్నె తిరిగిరాకూడదని అందులో వాళ్లు ఏ నిమ్మకాయలో, కరివేపాకో వేసి పంపేవాళ్లు.

మాలో మాకు కూడా ఒప్పుకోవలసినవి ఉన్నాయి. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అని మా హనఫీ పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. షాఫయీలకు ఆ పేచీ లేదు. అది నవ్వుకోదగ్గ తగాదా. నవ్వలేనిది ఇంకొకటి ఉంది. ‘చేపల పులుసు’ అని తెలుగులో అన్న దూదేకుల ఇంటి పిల్లను, ‘సాలన్ అనడం కూడా రాదు, నీదేం ముసల్మానీ’ అని వెక్కిరించింది మాలోని ఉర్దూ ఇళ్లవాళ్లమే. బయటివాళ్లు మమ్మల్ని ఏ ప్రశ్నతో నిలబెడుతున్నారో అదే ప్రశ్నతో మేం మా కిందివాళ్లను నిలబెట్టాం. ఇంకా ఒకటి. ఇన్ని తరాలు పొగలో కళ్లు మండించుకుని ఈ పులుసు కాచిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ మా కితాబుల్లో లేదు. మగాళ్లం తిని చేతులు కడుక్కుని చరిత్ర గురించి మాట్లాడుకున్నాం. ఈ వ్యాసమూ ఆ అప్పు తీర్చలేదు.

పుల్లని రసంలో చేపను ఉడికించడం, నానబెట్టడం మన ఒక్కళ్ల ముచ్చట కాదు. పారశీకులు చింతపండుకు బదులు సిర్కా వాడేవాళ్లు. సిర్కాతో చేసే పులుసును సిక్‌బాజ్ అన్నారు. ఆ వంట మొదట మాంసంతోనే. బాగ్దాదు ఖలీఫాల దస్తర్‌ఖాన్ మీద దానికి పెద్ద పేరు. 1226లో అల్ బాగ్దాదీ రాసిన వంటల పుస్తకంలోనూ అది ఉంది. ఈజిప్టులో మధ్యయుగాల వంట పుస్తకం ఒకటి చేపతో చేసే సిక్‌బాజ్ చెబుతుంది. అరబ్బులతోపాటు ఆ మాట స్పెయిన్ చేరి ‘ఎస్కబేచే’ అయింది. ఇవాళ స్పెయిన్‌లో సిర్కా రసంలో ఊరిన చేపను అదే పేరుతో తింటారు.

మరి దాన్ని అక్కడికి తెచ్చిన ముసల్మానులు ఏమయ్యారు? 1492లో గ్రనడా పడిపోయింది. బలవంతంగా మతం మార్పించారు. మారినవాళ్లను కూడా నమ్మలేదు. మత విచారణ న్యాయస్థానాలు వాళ్ల వంటింట్లోకి తొంగిచూశాయి. పందిమాంసం తినకపోవడం, పంది కొవ్వుకు బదులు నూనెతో వండుకోవడం కూడా అనుమానానికి సాక్ష్యాలయ్యాయి. చివరికి 1609 నుంచి 1614 మధ్య వాళ్లను ఓడలెక్కించి దేశం నుంచి వెళ్లగొట్టారు. లక్షల మంది. పులుసును ఉంచుకున్నారు, పులుసు కాచినవాళ్లను పంపేశారు.

ఇది నాలుగు వందల ఏళ్ల కిందటి పరాయిదేశపు కథ. మాకెందుకు గుర్తొస్తుందంటే, 1992 డిసెంబరు 6 తర్వాత ‘పాకిస్తాన్ పొండి’ అన్న మాట మా గల్లీల దాకా వచ్చింది. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించినప్పుడు మా ఇళ్లలో ట్రంకు పెట్టెలు దించాం. తాతల రేషన్ కార్డులు, పాత పట్టాలు, బడి సర్టిఫికెట్లు వెతికాం. చాలా ఇళ్లలో దొరకలేదు. చెరువు గట్టున గుడిసెల్లో బతికినవాళ్లకు కాగితాలెక్కడివి? ఆ పెట్టెల అడుగున మా నానీల ఇత్తడి గరిటెలు, ఇరిగిన రోకళ్లు దొరికాయి. వాటిని ఏ దఫ్తరూ సాక్ష్యంగా తీసుకోదు.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినాలని తెలంగాణలో ఆచారం. హైదరాబాద్‌లో బత్తిని వంశస్థులు ఉబ్బసానికి చేపమందు వేస్తారు. 1845 నుంచి వేస్తున్నామని వాళ్లు చెబుతారు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. ఆ వరసలో బొట్టు పెట్టుకున్నవాళ్లూ బురఖా వేసుకున్నవాళ్లూ ఒకరి వెనక ఒకరు నిలబడి, ఒకే జాతి కొర్రమీను పిల్లను మింగుతారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం అదే కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ సాయంత్రం మా ఇళ్లలోనూ మీ ఇళ్లలోనూ చింతపండు నానుతుంది.

మా పులుసు తిని మమ్మల్ని మెచ్చుకొమ్మని మేము అడగడం లేదు. కలిసి తిన్నంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని నమ్మే అమాయకత్వమూ మాకు లేదు. కలిసి తిన్నవాళ్లే ఇల్లు అద్దెకివ్వని రోజులు చూశాం. మేము అడిగేది ఒక్కటే. చింతచెట్టును అడగని ప్రశ్న మమ్మల్ని అడగకండి. మిరపకాయకు ఇచ్చిన చోటు మాకూ ఇవ్వండి. ఇవ్వడమంటే దయ కాదు, ఉన్నదాన్ని ఒప్పుకోవడం.

అయినా ఇంకా ‘మీది అసలు ఏ ఊరు?’ అని అడగాలనిపిస్తే, మృగశిర నాడు మా ఇంటికి రండి. పొయ్యి మీద గిన్నె ఉంటుంది. మూత తీసి వాసన చూసి మీరే చెప్పండి.