ఆటగాళ్లు వేసిన ఓటు

మ్యాచ్‌కి సగటున యాభై పాయింట్లు. ఒకటి రెండు మ్యాచ్‌ల్లో కాదు, ఎనభై మ్యాచ్‌ల సీజన్ మొత్తం మీద. అంతకుముందు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ పని ఎవరూ చేయలేదు, ఆ తర్వాతా ఎవరి వల్లా కాలేదు. అయినా ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికి దక్కలేదు.

అది 1961-62 సీజన్. ఆ ఆటగాడు ఫిలడెల్ఫియా వారియర్స్ సెంటర్ విల్ట్ ఛాంబర్లేన్. బహుమతి అందుకున్నది బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రస్సెల్. రస్సెల్ సగటు పందొమ్మిది పాయింట్లకు కూడా చేరలేదు. ఇందులో పత్రికలవాళ్ల పక్షపాతం ఉందనడానికి వీల్లేదు. అప్పట్లో ఆ బహుమతికి ఓటేసేది ఆటగాళ్లే. విల్ట్ మోచేతి దెబ్బలు తిన్నవాళ్లు, అతని చేతిలో ముప్పుతిప్పలు పడ్డవాళ్లు రస్సెల్ పేరు రాసి ఇచ్చారు.

వరంగల్‌లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఈ సంగతి తెలియాలని నా కోరిక. ఎన్‌ఐటీ కోర్టు పక్కనైనా, హన్మకొండ స్టేడియం దగ్గరైనా ఆట అయ్యాక కాసేపు నిలబడితే వినిపించే వాదన ఒకటే.

“జోర్డాన్‌కు ఆరు టైటిళ్లున్నయ్ గదా అన్నా, ఇంకేం గావాలె?”

“లెబ్రాన్ పాయింట్లెన్నో చూసినవా తమ్మీ? కరీం రికార్డే దాటిండు.”

ఇద్దరి మాటలోనూ పస ఉంది. కానీ ఆరు టైటిళ్ల గురించి గొంతు చించుకునేవాళ్లు పదకొండు టైటిళ్లు గెలిచిన మనిషి పేరు ఎత్తకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. రస్సెల్ పదమూడు సీజన్లు ఆడితే పదకొండుసార్లు ఛాంపియన్. “ఆ కాలం వేరు” అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ కాలం ఎలాంటిదో చూద్దాం.

*

1962 మార్చి 2, శుక్రవారం రాత్రి. పెన్సిల్వేనియాలో చాక్లెట్ల ఫ్యాక్టరీకి పేరుపడ్డ హెర్షీ అనే చిన్న ఊరు. అక్కడి స్టేడియాన్ని మంచు మీద ఆడే హాకీ కోసం కట్టారు. ఫిలడెల్ఫియాలో జనం పలచబడుతున్నారని, కొత్త ప్రేక్షకుల కోసం వారియర్స్ యాజమాన్యం కొన్ని మ్యాచ్‌లను ఇక్కడికి మార్చింది. ఎన్‌బీఏ ఆట ఒక్కదానికే జనం వస్తారన్న నమ్మకం కూడా లేక, ముందుగా అమెరికన్ ఫుట్‌బాల్ వీరుల చేత సరదాకి ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడించారు. ఇంత చేసినా టిక్కెట్టు కొని వచ్చినవాళ్లు 4,124 మంది. టీవీ కెమెరా ఒక్కటీ లేదు.

మన దగ్గర అప్పుడు శనివారం తెల్లవారుతోంది. మూడో సార్వత్రిక ఎన్నికల పోలింగ్ ముగిసి వారమే అయింది. వరంగల్ అంటే అజంజాహి మిల్లు అన్న రోజులవి. కాజీపేట దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీకి, ఇప్పటి ఎన్‌ఐటీకి, ఇంకా మూడేళ్లు నిండలేదు. విల్ట్ ఎన్‌బీఏలో అడుగుపెట్టిందీ ఆ కాలేజీ పుట్టిన 1959లోనే.

ప్రత్యర్థి న్యూయార్క్ నిక్స్. వాళ్ల మొదటి సెంటర్ ఒంట్లో బాగాలేదని ఆ రాత్రి బరిలోకి దిగలేదు. ఏడడుగుల ఒక అంగుళం విల్ట్‌ని ఆపే భారం డారల్ ఇమ్‌హాఫ్ మీద పడింది. పాపం, అతను ఇరవై నిమిషాల్లోనే ఆరు ఫౌళ్లు చేసి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి మీద పడ్డా విల్ట్ ఆగలేదు. మొదటి క్వార్టర్‌కి 23, సగం ఆటకి 41, మూడో క్వార్టర్ ముగిసేసరికి 69.

ఆ రాత్రి అందరినీ నివ్వెరపరచినవి అతని ఫ్రీ త్రోలు. విల్ట్‌కి ఫ్రీ త్రో లైన్ శత్రుస్థానం. చేతికి అందే ఎత్తులో రింగ్ ఉన్న మనిషి, ఎవరూ అడ్డు లేని పదిహేను అడుగుల దూరం నుంచి తడబడేవాడు. అందుకని ఆ సీజన్‌లో తలమీంచి విసరడం మానేసి, మోకాళ్లు వంచి, బంతిని రెండు చేతులా కాళ్ల మధ్యకి దించి, బావిలోంచి చేద లాగినట్టు కిందనుంచి పైకి వదిలేవాడు. బంతి మెత్తగా లేచి మెత్తగా పడేది. ఆ రాత్రి తొలి క్వార్టర్‌లో తొమ్మిది వేస్తే తొమ్మిదీ పడ్డాయి. మొత్తం 32కి 28. ఇంత అక్కరకొచ్చిన పద్ధతిని కూడా విల్ట్ తర్వాత వదిలేశాడు. అలా వేయడం చూసేవాళ్లకి నామోషీగా ఉంటుందనిపించిందని తానే చెప్పుకున్నాడు. ఇంత గొప్పవాడికీ నలుగురు ఏమనుకుంటారోనన్న బెంగ ఉండేది.

నాలుగో క్వార్టర్‌లో ఆట ఆటలా లేదు. విల్ట్ బాస్కెట్ వేసిన ప్రతిసారీ అనౌన్సర్ డేవ్ జింకాఫ్ మైకులో అతని మొత్తం చదువుతున్నాడు. జనం విల్ట్‌కే ఇవ్వండంటూ అరుస్తున్నారు. నిక్స్‌కి గెలుపు మీద ఆశ పోయింది, పరువు మిగిలింది. బంతి విల్ట్ చేతికి చేరకుండా మిగతా వారియర్స్ ఆటగాళ్లను పట్టి మరీ ఫౌల్ చేస్తున్నారు. తమ దగ్గర బంతి ఉంటే కదలకుండా కాలం గడుపుతున్నారు. వారియర్స్ కూడా ఊరుకోలేదు, బంతి తిరిగి రావాలని వాళ్లూ ఎదురు ఫౌళ్లు మొదలుపెట్టారు. నిక్స్ మీద కోపం రావడం లేదు నాకు. ఒక మనిషి లెక్క నిండడానికి తాము మెట్టుగా మారడం ఏ ఆటగాడికి ఇష్టముంటుంది?

చివరి నిమిషం. విల్ట్ వేసిన బంతి పడలేదు. రీబౌండ్ వారియర్స్‌దే. మళ్లీ వేశాడు, మళ్లీ తప్పింది. మళ్లీ రీబౌండ్. బెంచి మీదనుంచి వచ్చిన జో రుక్లిక్ చేతిలోకి బంతి వచ్చింది. తనకీ దారి ఉంది, కానీ చూపు విల్ట్ వైపే. పాస్ అందుకున్న విల్ట్ రింగ్‌లో వేశాడు. ఇంకా 46 సెకన్లు ఉండగానే జనం కోర్టు మీదికి దూకారు.

కొడుకుతో మ్యాచ్ చూడటానికి వచ్చిన ఏపీ ఫొటోగ్రాఫర్ పాల్ వాథిస్, జరుగుతున్నదేమిటో గ్రహించి మధ్యలోనే కారు దగ్గరికి పరుగెత్తి కెమెరా తెచ్చుకున్నాడు. జట్టు గణాంకాలు రాసే హార్వీ పొలాక్ ఒక కాగితం తీసుకుని దాని మీద 100 అని చేత్తో రాసి విల్ట్ చేతికిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని కూర్చున్న ఫొటో ఒకటి, బిల్ క్యాంప్‌బెల్ రేడియోలో చెప్పిన చివరి క్వార్టర్ రికార్డింగ్ ఒకటి, ఇవే మనకు ప్రధానంగా మిగిలాయి. ఆ రికార్డింగ్‌ని 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన శబ్దాల జాబితాలో చేర్చింది. 169-147తో మ్యాచ్ గెలిచాక విల్ట్ న్యూయార్క్ తిరిగి వెళ్లింది ఎవరితోనో కాదు, తన చేతిలో అప్పుడే చిత్తయిన నిక్స్ ఆటగాడు విల్లీ నాల్స్‌తోనే.

*

ఇక రస్సెల్.

ఎత్తులో విల్ట్ కన్నా మూడు నాలుగు అంగుళాలు తక్కువ, బరువులో ఇంకా తక్కువ. షూటింగ్ అంతంతమాత్రం. పెద్ద మ్యాచ్‌ల ముందు కడుపులో తిప్పి వాంతి చేసుకునేవాడు. ఆ చప్పుడు వినపడితే ఈ రాత్రి మనదేనని సహచరులు ధైర్యం తెచ్చుకునేవారు. అతని విద్య వేరే చోట ఉంది. ప్రత్యర్థి షాట్ కొట్టబోతే సరిగ్గా ఆ క్షణంలోనే గాల్లోకి లేచేవాడు. చాలామంది బ్లాక్ చేస్తే బంతిని జనంలోకి బాదుతారు, చప్పట్లు కొట్టించుకుంటారు. కానీ బంతి మళ్లీ ప్రత్యర్థికే పోతుంది. రస్సెల్ అలా బాదేవాడు కాదు. వేళ్లతో తట్టి తన జట్టువాడి వైపు పంపేవాడు. అక్కడినుంచి బాబ్ కూజీ పరుగు, అవతల బాస్కెట్. రెండు పాయింట్లు పోకుండా ఆపి, రెండు పాయింట్లు తెచ్చే పని ఒక్క తట్టులో అయిపోయేది.

ఈ పనిని అప్పట్లో ఎవరూ లెక్క రాయలేదు. ఎన్‌బీఏ అధికారికంగా బ్లాకులు లెక్కించడం మొదలైంది 1973-74లో. రస్సెల్ రిటైరయ్యింది 1969లో. అతని జీవితమంతటి మీద అతి గొప్ప విద్యకు పుస్తకంలో ఒక్క అంకె లేదు. ఈ రోజు ఫోన్‌లో గణాంకాలు చూసి ర్యాంకులు వేసే పిల్లవాడికి రస్సెల్ కనపడకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఎదురుగా ఆడినవాళ్లకు మాత్రం కనపడ్డాడు. ఆ ఏడాది ఓట్లలో రస్సెల్‌కి 297 పాయింట్లు, విల్ట్‌కి 152. మొదటి స్థానానికి వచ్చిన ఓట్లు రస్సెల్‌కి 51, విల్ట్‌కి 9. సొంత జట్టువాడికి ఓటేయడానికి వీల్లేదు. కాబట్టి ఆ 51 ఓట్లూ పరాయి జట్లవాళ్లవే. పత్రికలవాళ్లు, వ్యాఖ్యాతలు ఎంచిన ఆ సీజన్ ఉత్తమ ఐదుగురి జట్టులో సెంటర్ స్థానం విల్ట్‌ది, రస్సెల్‌కి రెండో జట్టులోనే చోటు. గ్యాలరీలోంచి చూసినవాళ్ల తీర్పు ఒకటి, కోర్టులో నిలబడ్డవాళ్ల తీర్పు మరొకటి. నేను రెండోదాని పక్షం.

రస్సెల్ గట్టిగా నిలబడింది కోర్టులోనే కాదు. ఆ సీజన్ మొదలయ్యే ముందు, 1961 అక్టోబరులో, కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో సెల్టిక్స్ ఒక ప్రదర్శన మ్యాచ్‌కి వెళ్లారు. హోటల్ కాఫీ షాపులో నల్లజాతి ఆటగాళ్లకు వడ్డించం అన్నారు. రస్సెల్, మిగతా నల్లజాతి సహచరులు ఆ మ్యాచ్ ఆడకుండా విమానం ఎక్కి వెనక్కి వచ్చేశారు. ఉద్యోగానికి ముప్పు రాగల కాలంలో చేసిన పని అది.

*

వంద పాయింట్ల రాత్రి తర్వాత నెల రోజులకి ఇద్దరూ తాడోపేడో తేల్చుకునే చోట ఎదురుపడ్డారు. తూర్పు విభాగం ఫైనల్లో చెరి మూడు గెలిచారు. ఏడో మ్యాచ్ ఏప్రిల్ 5న బోస్టన్ గార్డెన్‌లో. సీజనంతా యాభై సగటున కొట్టిన విల్ట్‌ని రస్సెల్ ఆ రాత్రి 22 దగ్గర ఆపాడు. చివరి క్షణాల్లో విల్ట్ 107-107కి స్కోరు సమం చేశాడు. రెండు సెకన్లు మిగిలాయనగా, చాచిన విల్ట్ చెయ్యి మీదుగా సెల్టిక్స్ ఆటగాడు సామ్ జోన్స్ వేసిన షాట్ పడింది. 109-107.

ఆ తర్వాత లేకర్స్‌తో అసలు ఫైనల్. అదీ ఏడో మ్యాచ్‌కే వెళ్లింది. ఏప్రిల్ 18న 100-100 దగ్గర, ఆఖరి క్షణంలో లేకర్స్ ఆటగాడు ఫ్రాంక్ సెల్వీ వేసిన షాట్ రింగ్‌కి తగిలి బయటపడింది. రీబౌండ్ రస్సెల్‌ది. అదనపు సమయంలో సెల్టిక్స్ 110-107తో గెలిచారు. రస్సెల్ 30 పాయింట్లు, 40 రీబౌండ్లు. నలభై! వంద గురించి తెలిసినవాళ్లలో పదో వంతు మందికైనా ఈ నలభై తెలుసా?

ఇన్ని పోట్లాటల మధ్య వాళ్లిద్దరూ స్నేహితులు. ఫిలడెల్ఫియాలో మ్యాచ్ ఉన్న పండుగ రోజున రస్సెల్ విల్ట్ వాళ్లింటికే భోజనానికి వెళ్లేవాడు. తిని, అక్కడే కునుకు తీసి, రాత్రికి అదే విల్ట్‌కి అడ్డం నిలబడేవాడు.

మరి చరిత్ర ఏ జాబితా వేసింది? 1980లో బాస్కెట్‌బాల్ విలేకరుల సంఘం ఎన్‌బీఏ చరిత్రలో అందరికన్నా గొప్పవాడు రస్సెల్ అని తేల్చింది. 1996లో లీగ్ యాభైమందిని ప్రకటించింది గానీ వరుస ఇవ్వలేదు. 2021లో డెబ్బై ఐదుగురిని ఎంచబోతే చివర్లో ఓట్లు సమానమై డెబ్బై ఆరుగురయ్యారు, అప్పుడూ వరుస లేదు. ఈలోగా జోర్డాన్ వచ్చాడు, టీవీ వచ్చింది, రస్సెల్ వెనక్కి జరిగాడు. నన్నడిగితే మొదటి పేరు రస్సెల్‌దే, రెండోది జోర్డాన్‌ది. విల్ట్‌ని మూడో చోట పెట్టడానికి చెయ్యి రాదు గానీ పెడతాను. రస్సెల్‌కి ఉన్నట్టు అతని పక్కన కూజీ, హెయిన్‌సన్, జోన్స్‌ల వంటి సహచరులు లేరన్న వాదన నాకు తెలుసు. దానికి జవాబు విల్ట్ దగ్గరే ఉంది.

1966-67లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ కోచ్ అలెక్స్ హానమ్, నువ్వు తక్కువ వెయ్యి, ఎక్కువ పంచు అని విల్ట్‌ని ఒప్పించాడు. లీగ్‌లో అడుగుపెట్టిననాటినుంచి ఏటా పాయింట్లలో మొదటివాడుగా ఉన్న మనిషి ఆ స్థానం వదులుకున్నాడు. సగటు 24కి దిగింది. పాసులు పెరిగాయి, డిఫెన్స్ పెరిగింది. జట్టు 68 గెలిచి 13 ఓడింది. ఎనిమిదేళ్లుగా వరసగా టైటిల్ గెలుస్తున్న సెల్టిక్స్‌కి అప్పటికి రస్సెలే కోచ్, రస్సెలే సెంటర్. తూర్పు ఫైనల్లో వాళ్లను 4-1తో ఓడించారు. 1967 ఏప్రిల్ 11న ఫిలడెల్ఫియాలో జరిగిన ఆఖరి మ్యాచ్‌లో విల్ట్ 29 పాయింట్లు వేశాడు, 36 రీబౌండ్లు పట్టాడు, సహచరుల చేత బాస్కెట్ వేయించిన పాసులు 13. ఆట అయ్యాక రస్సెల్ వెళ్లి అతన్ని అభినందించాడు. ఆ ఏడాది ఆటగాళ్ల ఓటు విల్ట్‌కే పడింది.