త్రికం: నడుముకు కింద ఉన్న మాట

నాయుడుపేట పరిసరాల్లో నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు ‘నడుం పట్టేసింది’ అంటారు. రోజంతా బస్సు తోలిన డ్రైవరూ అదే అంటాడు. నడుమ ఉన్నది నడుము. ఆ లెక్కన అది పక్కటెముకలకూ తుంటికీ మధ్యనే ఆగాలి. వాడుకలో మాత్రం కిందికి దిగి, పిరుదుల మధ్య ఎముకనూ కలుపుకుంది. కారణం మర్యాద. ‘ముడ్డిపూస’ అని డాక్టరు ముందు అనడానికి నోరు రాదు. అందుకే నడుము అనేస్తాం.

ఆ చోటికి సంస్కృతంలో గౌరవమైన పేరుంది: త్రికం. వెన్ను, రెండు తుంటి ఎముకలు, ఈ మూడూ కలిసే చోటు. అమరకోశం వెన్నెముక అడుగు భాగాన్ని ఈ పేరుతోనే చెప్పింది. మన పాఠ్యపుస్తకాల్లో దాని కిందిది అనుత్రికం.

త్రికంలో అరుదుగా పుట్టే కణితి కార్డోమా. ఎముకలో పుట్టినా దాని మూలం ఎముక కాదు, పృష్ఠవంశం. సంస్కృతంలో ఈ మాటకు వెన్నెముక అని అర్థం. వంశమంటే వెదురు, తరతరాల పరంపర కూడా. తెలుగు జంతుశాస్త్రం ఈ మాటను నోటోకార్డ్‌కు, అంటే పిండంలో వెన్నుపూసలకన్నా ముందే ఏర్పడే మెత్తటి దండానికి పెట్టుకుంది. చేపకూ కప్పకూ మనిషికీ అది ఉమ్మడి వారసత్వం కాబట్టి ఆ పేరు చక్కగా అమరింది. పూసలు వచ్చాక దండం కరిగిపోయినా, త్రికంలోనూ కపాలం అడుగునా కొన్ని కణాలు మిగిలిపోవచ్చు. ఏటా పది లక్షల మందిలో సుమారు ఒకరికి అవి కణితిగా మారతాయి. 1857లో శాస్త్రవేత్త విర్ఖో బుడగలు నిండిన ఆ కణాలను వర్ణించి, అవి మృదులాస్థివని అనుకున్నాడు. 1894లో మరో శాస్త్రవేత్త రిబ్బర్ట్ వాటి మూలం పృష్ఠవంశమేనని నిర్ధారించి, ఆ కణితిని కార్డోమా అన్నాడు. నేడు దాన్ని నిర్ధారించే ప్రోటీన్ పేరు బ్రాకియూరి, అంటే పొట్టి తోక. 1927లో తోక కురచైన ఎలుకల్లో దాని జన్యువు జాడ దొరికింది.

ఈ కణితి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. కూర్చుంటే నొప్పి, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, ఆ చోట మొద్దుబారడం దాని గుర్తులు. పేగుల్లోని గాలి నీడల వల్ల ఎక్స్‌రేలో తప్పిపోవచ్చు. ‘నడుముకు’ తీసిన ఎమ్మారైలో త్రికం కింది భాగం పడకపోవచ్చు. ఒక్క మాట తేడాతో రోగం చిత్రం అంచు అవతల ఉండిపోతుంది.

అనుమానం వస్తే సూదిపరీక్షకు ముందే, ఇలాంటి ఆపరేషన్లు చేసే సర్జన్‌ను కలవాలి. సూది వెళ్లిన దారినీ కణితితోపాటే తీసేయాలి కనుక. కణితిని ముక్కలు చేయకుండా, చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా ఒకే ముద్దగా తీయాలి. చిట్లితే మళ్లీ మొలుస్తుంది. మలమూత్రాలను అదుపులో ఉంచే నాడులు త్రికం రంధ్రాల్లోంచే వస్తాయి. కణితి ఎంత పైకి పాకితే అంత ఎక్కువ నాడులు వదులుకోవాలి. మామూలు కీమోకు ఇది పెద్దగా లొంగదు. రేడియేషన్ మోతాదు ఎక్కువ కావాలి. అందుకు తగిన ప్రోటాన్ చికిత్స 2019 నుంచి చెన్నైలోనే ఉంది.

చెన్నై నాయుడుపేటకు దూరం కాదు. కష్టమంతా నోటికీ నొప్పికీ మధ్య దూరంతోనే. త్రికం అనే మాట బడి పుస్తకం దాటి ఆస్పత్రి చీటీ మీదికి, ఆశా కార్యకర్త నోటికి రావాలి. అది వచ్చేదాకా సిగ్గుపడకుండా వేలు పెట్టి చూపించండి, ‘నడుం కాదండీ, ఇక్కడ’ అని చెప్పండి.