కొన్న ఆట ఎవరి సొత్తు?

2024వ సంవత్సరము మార్చి 31వ తేదీన ఫ్రాన్సు దేశపు ప్రచురణసంస్థ యూబీసాఫ్ట్, 'ది క్రూ' అను వీడియో గేమునకు ప్రాణాధారమైన సర్వర్లను నిలిపివేసినది. అది కార్ల పందెముల ఆట. అమెరికా దేశమునంతయు కుదించి ఒక్క మైదానముగా మలచి, ఒక సముద్రతీరమునుండి మరియొక తీరమువరకు కారు నడుపుకొను వీలు కల్పించిన ఆట. 2014 డిసెంబరులో వెలువడినది. దానిని డిస్కు రూపమున అంగడిలో కొన్నవారు కలరు. తెరమీదనే సొమ్ము చెల్లించి దించుకొన్నవారును కలరు. ఒంటరిగా ఆడుకొన్నను సంస్థవారి సర్వరుతో సంబంధము లేనిదే ఆ ఆట కదలదు. కనుక మార్చి 31 తరువాత ఇంటిలోని డిస్కు ఉత్త బిళ్ల యైనది. ఏప్రిలులో సంస్థవారు మరియొక అడుగు వేసి, కొన్నవారి ఖాతాలనుండి ఆ ఆటకు గల అనుమతినే తొలగించిరి. కాలిఫోర్నియాలో వ్యాజ్యము వచ్చినపుడు వారు చెప్పిన సమాధాన మేమనగా, తాము అమ్మినది ఆటను కాదు, ఆడుకొనుటకు అనుమతిని మాత్రమే అని.

ఈ వాదము కంప్యూటరు యుగమున పుట్టినదని చాలమంది యనుకొందురు. కాని దీని పుట్టుక కాగితముమీద జరిగినది. 1904లో అమెరికాలోని బాబ్స్-మెరిల్ అను ప్రచురణకర్తలు 'ది కాస్టవే' అను నవలను అచ్చువేసి, లోపలి పుటలో ఒక హెచ్చరిక ముద్రించిరి. పుస్తకము వెల ఒక డాలరు. అంతకు తక్కువకు అమ్ముటకు ఏ వర్తకునికిని లైసెన్సు లేదు. అమ్మినచో అది కాపీరైటునకు భంగము. న్యూయార్కులోని మేసీస్ అంగడి యజమానులు స్ట్రాస్ సోదరులు ఈ హెచ్చరికను చూచియు, పుస్తకమును 89 సెంట్లకు అమ్మిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయినది. గ్రంథమును అచ్చువేసి మొదటిసారి అమ్ముకొనుటవరకే ప్రచురణకర్త హక్కు. అమ్మిన పిమ్మట ఆ ప్రతి ఎవరి చేతికి, ఏ వెలకు పోవునో శాసించు హక్కు అతనికి లేదని 1908లో ఆ కోర్టు తీర్పు చెప్పెను. శ్రోతలు గమనింపవలసినది, లైసెన్సు అను మాట అప్పుడే పుస్తకమునకు తగిలించిరి. న్యాయస్థానము దానిని ఊడదీసినది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము కూడ, ఒకసారి చలామణిలోనికి వచ్చిన పుస్తకప్రతిని గ్రంథస్వామి పట్టు నుండి విడిచినది. ఆదివారము నాడు హైదరాబాదు ఆబిడ్సులో కాలిబాటపై పాత పుస్తకములు అమ్మువారు ఏ ప్రచురణకర్త అనుమతికిని కాచుకొని యుండనక్కర లేకుండుటకు కారణ మిదియే.

వీడియో ఆటల చరిత్రలో మొదటి మెట్టున ఈ సమస్య లేదు. 1972లో అటారీ సంస్థ 'పాంగ్' అను యంత్రమును పానశాలలలో నిలిపినపుడు, ఆడువాడు నాణెము వేసి ఆడెను, ఓడినంతనే లేచిపోయెను. ఆట తనదని యెవ్వడును అనుకొనలేదు. ఆ యేడే మాగ్నవాక్స్ వారి 'ఆడిసీ' యంత్రము ఇండ్లలోనికి వచ్చినది. 1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థయు, 1977లో అటారీయు మార్చి మార్చి తగిలించుకొను కార్ట్రిడ్జుల యంత్రములను అమ్మిన పిమ్మటనే ఆట ఒక వస్తువైనది. అరచేతిలో ఇమిడెడు ప్లాస్టిక్ పెట్టె, అందులో చెరగని అక్షరములవలె పొదిగిన ఆట. దానిని స్నేహితునికి ఎరువియ్యవచ్చును, విసుగు పుట్టినపుడు సగము వెలకు అమ్మవచ్చును, తమ్మునికి వదలిపెట్టవచ్చును. పుస్తకమునకు గల యోగ్యతలన్నియు దానికిని వచ్చినవి.

ఒక్క యోగ్యత మాత్రము రాలేదు. పుస్తకముపై రచయిత పేరుండును. అటారీ కార్ట్రిడ్జిపై ఆట కల్పించినవాని పేరుండెడిది కాదు. ఒక్కొక్క ఆటను ఒక్కొక్కడే కూర్చుండి మొదలంట వ్రాసిన కాలమది. ఐనను వారికి జీతమే గాని రాయల్టీ లేదు. వారెన్ రాబినెట్ అను నతడు తాను వ్రాసిన 'అడ్వెంచర్' ఆటలో పై అధికారులకు తెలియకుండ ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు వ్రాసికొనెను. దేవాలయపు స్తంభము మీద శిల్పి గుట్టుగా పేరు చెక్కుకొన్నట్లు. మరి నలుగురు, డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్ అనువారు, 1979లో బయటికి వచ్చి యాక్టివిజన్ సంస్థను స్థాపించిరి. యంత్ర మొకరిది, దానిపై నడచు ఆట మరొకరిది అను పద్ధతికి ఇదియే ప్రారంభము. యాక్టివిజన్ పెట్టెలపై ఆట రచించినవాని పేరు స్పష్టముగా ముద్రించిరి. అటారీ 1980లో వ్యాజ్యము వేసినది. 1982లో యాక్టివిజన్ రాయల్టీ చెల్లించునట్లు రాజీ కుదిరినది. ఆ యేడే క్రేన్ వ్రాసిన 'పిట్‌ఫాల్' వెలువడి, నలుబది లక్షలకు పైగా అమ్ముడు పోయినది.

తలుపు తెరచినంతనే అందరును చొరబడిరి. ఆట యనగా ఏమో యెరుగని సంస్థలుకూడ కార్ట్రిడ్జులు పోతపోసినవి. 1983లో అమెరికా విపణి కూలినది. అటారీవారు హోవర్డ్ స్కాట్ వార్షా చేత ఐదు వారములలో వ్రాయించిన 'ఇ.టి.' మొదలగు సరుకును న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆలమొగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చిపెట్టిరి. ఇది కట్టుకథ యని చాలకాలము చెప్పుకొనిరి గాని, 2014 ఏప్రిలులో త్రవ్వి చూడగా కార్ట్రిడ్జులు బయల్పడినవి. సుమారు 1,300 పైకి తీసిరి. వానిలో కొన్నిటిని ఆ పట్టణమువారు వేలము వేయగా లక్ష డాలర్లకు పైగా వచ్చినది. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియమునకు చేరినది. ఆట చెడ్డదే కావచ్చును. కాని వస్తువు కనుక, ముప్పది యేండ్లు మట్టిలో నుండియు మిగిలినది.

ఈ పతనము నుండి జపానుదేశపు నింటెండో నేర్చుకొన్న పాఠము వేరు. 1985లో అమెరికాకు తెచ్చిన యంత్రములో వారొక తాళపు చిప్పు అమర్చిరి. నింటెండో అనుమతి పొందిన కార్ట్రిడ్జి తగిలించిననే యంత్రము పనిచేయును. అనుమతి కావలెనన్న ఏటికి ఐదు ఆటలకు మించి ప్రచురింపరాదు, కార్ట్రిడ్జులు నింటెండో చేతనే చేయించుకొనవలెను, సొమ్ము ముందుగా చెల్లింపవలెను, అమ్ముడుపోని సరుకు తిరిగి యిచ్చుకొన వీలులేదు. చెత్త తగ్గినమాట నిజమే. కాని ప్రచురణ యనునది ఒక్క ద్వారపాలకుని చేతిలో పడినది.

ద్వారము లోపలి వ్యవహారము చాలక, వారు కొన్నవాని ఇంటి గడపకును వచ్చిరి. గెలూబ్ అను బొమ్మల సంస్థ 'గేమ్ జీనీ' అను పరికరము నమ్మెను. కార్ట్రిడ్జికిని యంత్రమునకును నడుమ దానిని తగిలించినచో, మూడు ప్రాణములకు బదులు తొమ్మిది ప్రాణములతో ఆడుకొనవచ్చును. మా ఆటను మార్చుచున్నారని నింటెండో వ్యాజ్యము తెచ్చినది. తాను సొమ్మిచ్చి కొన్న ఆటను తన ఇంట తన ఇచ్చ వచ్చినట్లు ఆడుకొనుట కొన్నవాని యిష్టమని 1991లో జిల్లా కోర్టును, 1992లో అప్పీలు కోర్టును తేల్చినవి. వ్యాజ్యము నడచినంతకాలము అమ్మకమును ఆపించినందులకు నింటెండో గెలూబునకు కోటి యేబది లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. అద్దె దుకాణముల విషయమునను అంతే. కంప్యూటరు ప్రోగ్రాములను అద్దెకిచ్చుట నిషేధించుచు 1990లో అమెరికా కాంగ్రెసు చేసిన శాసనము, ఇంటి యంత్రముల ఆటలను మినహాయించినది. కొన్నవానికి చట్టము ఇంత అండగా నిలిచిన కాలము ఈ చరిత్రలో మరియొకటి లేదని మా అభిప్రాయము.

తరువాతి మార్పు కోర్టులలో మొదలు కాలేదు, తీగలమీదుగా వచ్చినది. 2003లో వాల్వ్ సంస్థ 'స్టీమ్' అను దుకాణమునకు పునాది వేసెను. మరుసటి యేడు వెలువడిన 'హాఫ్-లైఫ్ 2' అను ఆటను పెట్టెలో కొన్నవారు సైతము స్టీములో ఖాతా తెరచిననే ఆడగలిగిరి. ఖాతా వ్యక్తిది, దానిని అమ్మరాదు, ఎరువియ్యరాదు. పాత సాఫ్టువేరు డిస్కులను తిరిగి అమ్మిన వెర్నర్ అను వ్యాపారికిని ఆటోడెస్క్ సంస్థకును నడచిన వ్యాజ్యములో, ఒప్పందపత్రము లైసెన్సని చెప్పి నిర్బంధములు విధించినచో తీసికొన్నవాడు యజమాని కాడని 2010లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. 1908లో ఊడిపోయిన మాట మరల అతుకుకొన్నది.

కొన్నవారు ఒకసారి మాత్రము గట్టిగా ఎదురు తిరిగిరి. 2013లో మైక్రోసాఫ్ట్ తన క్రొత్త యంత్రము ఎక్స్‌బాక్స్ వన్ ఇరువదినాలుగు గంటల కొకసారి ఇంటర్నెట్టునకు హాజరు పలుకవలెననియు, వాడిన ఆటల అమ్మకమునకు హద్దులుండుననియు ప్రకటించినది. పోటీదారు సోనీ ఆ హద్దులు లేని యంత్రమును నూరు డాలర్లు తక్కువకే ఇచ్చెదమన్నది. జూన్ 19వ తేదీన మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలను ఉపసంహరించుకొన్నది. ఐనను కొనుగోలుదారులు క్రమముగా డిస్కులను తామే మానిరి, సౌకర్యము అటువంటిది. ఇందు మేలు లేదనుటకు వీలులేదు. చేత పెట్టుబడి లేని చిన్న రచయిత నేడు ఏ ద్వారపాలకునికిని ముందు సొమ్ము కట్టకయే తన ఆటను లోకమునకు అందింపగలడు.

ఇక వెల మాట. ఆటలపై అభిమానము గలవారు వెలను గంటలతో భాగించి, ఇరువది గంటల ఆటకు ఇంత, నూరు గంటల ఆటకు ఇంత అని లెక్కకట్టుచుందురు. మాకిది నాణెపు పెట్టెనాటి లెక్క. అది అద్దెను కొలచును గాని, సొత్తును కొలవదు. అమెరికాలో 1990 ప్రాంతమున ఒక ఆట సుమారు 50 డాలర్లు. 2020 నుండి పెద్ద ఆటలు 70. 2025లో నింటెండో వారి 'మారియో కార్ట్ వరల్డ్' 80. ఆ 50 డాలర్లు నేటి విలువలో నూరు దాటునని ప్రచురణకర్తలు చెప్పుదురు, అది నిజమే. కాని నాటివాడు ఆడిన పిమ్మట దానిని అమ్మి కొంత సొమ్ము రాబట్టుకొనెను. నేటివాడు రాబట్టుకొనున దేమియు లేదు. అమ్మకపు హక్కు తీసివేసిన వస్తువునకును, ఆ హక్కు గల వస్తువునకును ఒకే తూకమున వెల కట్టుట న్యాయమని మాకు తోచదు.

దీనికన్న పెద్ద నష్టము మరియొకటి కలదు. 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు విపణిలో దొరకుట లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చినది. పాత ఆటలు అంతో యింతో మిగిలినవన్న, ఎవరి ఇంటి అటుకమీదనో కార్ట్రిడ్జి యుండుట వలననే. మన కావ్యముల గతియు అదియే గదా! ఇంటింట తాటాకు ప్రతులు లేకున్న, పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌన్ పండితులను కూర్చి ప్రతికి ప్రతి సరిచూపించుట యెట్లు? ప్రతులన్నియు ఒక్క సర్వరులోనే యున్నచో, దానిని ఆర్పిన నాడు సరిచూచుట కేమియు మిగులదు.

సర్వర్లను కల్పాంతమువరకు నడుపుడని ఎవరును కోరుట లేదు. పోవునపుడు ఆటను ఆడదగిన స్థితిలో వదలిపొండని మాత్రమే కోరుచున్నారు. అది అసాధ్యమును కాదు. 'నాకౌట్ సిటీ' అను ఆటను 2023 జూనులో నిలిపివేసినపుడు, దానిని నిర్మించిన వెలాన్ స్టూడియోస్ వారు, ఆడువారు తమ సొంత సర్వర్లు పెట్టుకొను ప్రతిని విడుదల చేసి మరీ వెళ్లిరి. 'ది క్రూ' మూతపడిన తరువాత రాస్ స్కాట్ అను నతడు 2024 ఏప్రిలులో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అను ఉద్యమమును ప్రారంభించెను. ఐరోపా సమాజమునకు పంపదలచిన వినతిపై సంతకములు 2025 జూలైలో పది లక్షలు దాటినవి. కాలిఫోర్నియా రాష్ట్రమున 2025 జనవరి 1 నుండి, లైసెన్సు మాత్రమే యిచ్చుచు ఆ సంగతి స్పష్టముగా తెలుపకుండ 'కొనుడు' అను మాట వాడరాదని చట్టము వచ్చినది. మాట మారినది, వస్తువు మారలేదు.

యూబీసాఫ్ట్ వారు 2025లో 'ది క్రూ 2' అను తరువాతి ఆటకు సర్వరు లేకుండ ఆడు పద్ధతిని చేర్చిరి. మొదటి ఆటకు చేర్చలేదు. దానిని మరల నడిపించినవారు కొందరు ఔత్సాహికులు. సంస్థవారి సర్వరు పలుకు భాషను ఓపికతో ఛేదించి, దానికి మారుగా తామొక సర్వరు వ్రాసి 2025 సెప్టెంబరులో అందరికిని ఉచితముగా ఇచ్చిరి. కంప్యూటరుమీది పాత ప్రతిని పారవేయక దాచుకొన్నవారు ఆనాటి సాయంత్రమే ఆ దారులలో మరల కార్లు నడిపిరి.