క్యాసినో బల్ల దగ్గర చేతివాటం

లాస్ వేగస్‌లో బ్లాక్‌జాక్ డీలర్ బల్ల వదిలి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ ఒకసారి తట్టి, అరచేతులు పైకి తిప్పి, వేళ్ళు విడదీసి చూపిస్తాడు. ఆ తర్వాతే పక్కకు తప్పుకుంటాడు. కొత్తవాళ్ళకు అదేదో ఆట మర్యాదలా కనిపిస్తుంది. చేతిలో చిప్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళ, ఏదీ దాచుకోలేదని పైకప్పులోని కెమెరాకు అతడు చూపించే రుజువది. సినిమాల పుణ్యమా అని క్యాసినో భద్రత అనగానే గోడ నిండా టీవీ తెరలు, వాటి ముందు రెప్పవాల్చని మనుషులు గుర్తొస్తారు. ఆ తెరలకు అంత పేరు దక్కడం అన్యాయమే. సిబ్బంది చేతివాటాన్ని ఇన్నేళ్ళుగా అదుపులో పెట్టినవి ప్రధానంగా ఈ చిన్న చిన్న సైగలు, వాటి వెనకుండే సంతకాల కాగితాలు. అయితే కింది ఉద్యోగి మీద పనిచేసినంత బాగా అవి పైవాడి మీద పనిచేయలేదు. వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర చరిత్రలో ఆసక్తికరమైన భాగమంతా అక్కడే ఉంది.

బల్ల దగ్గర దొంగతనం పట్టుకోవడం ఎందుకంత కష్టమో ముందు చూడాలి. బ్యాంకు క్యాషియర్ 500 తీస్తే సాయంత్రం లెక్కలో 500 తగ్గి తీరుతుంది. పేకబల్లకు ఆ సౌకర్యం లేదు. ఏ ఆటలో ఎవరికెంత ఇచ్చారో, ఎవరి దగ్గర ఎంత లాగారో ఎక్కడా రాయరు. షిఫ్టు చివర ఒక కూడిక, ఒక తీసివేత, అంతే. ఉదాహరణకు 50,000 డాలర్ల చిప్స్‌తో బల్ల తెరిచారు, మధ్యలో మరో 20,000 డాలర్లవి తెప్పించారు, మూసేటప్పటికి 40,000 మిగిలాయి, ఆటగాళ్ళు చిప్స్ కొనడానికిచ్చిన నగదు పెట్టెలో 45,000 తేలింది అనుకుందాం. 85,000లోంచి 70,000 తీసేస్తే క్యాసినోకు మిగిలింది 15,000. ఇప్పుడు డీలర్ తన స్నేహితుడికి, అతడు గెలవని పందేనికి, 500 డాలర్ల చిప్స్ తోశాడనుకోండి. మిగులు 14,500 అవుతుంది. లెక్క ఎక్కడా తప్పదు. ఆ 500 ఎవరి అదృష్టమో, ఎవరి దొంగతనమో కాగితం చెప్పలేదు. నెలల తరబడి అంకెలు పోగేసి, పెట్టెలో పడిన డబ్బులో బల్లకు మిగిలే శాతం ఫలానా షిఫ్టులోనే ఎందుకు పడిపోతోందని అడిగితే తప్ప అనుమానమైనా రాదు.

అందుకే దొంగతనం జరుగుతున్న క్షణంలోనే అది వింతగా కనబడేలా పనిని మలచడం మీద క్యాసినోలు బుర్రపెట్టాయి. ఆటగాడు నోట్లిస్తే డీలర్ చేత్తో అందుకోడు. బల్ల మీద పెట్టించి, ఒక్కొక్కటీ కనబడేలా పరిచి, మొత్తం ఎంతో పైకి చెప్పి, అంత విలువైన చిప్స్ కూడా అలాగే చూపించి ఇచ్చాక, నోట్లను ఒక పలుచటి పలకతో బల్ల చీలికలోంచి కింది పెట్టెలోకి నెడతాడు. టిప్పుగా వచ్చిన చిప్‌ను చప్పుడయ్యేలా తట్టి మరీ టిప్పుల పెట్టెలో వేయాలి. చాలాచోట్ల నడుముకు కట్టే ఏప్రాన్ జేబుల్ని మూసేస్తుంది. వీటిలో ఏదీ దొంగ చెయ్యి పట్టుకుని ఆపదు. కానీ అందరూ రోజంతా ఒకే తీరుగా చేసే పనిలో ఒకడి చెయ్యి దారితప్పితే, చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. బల్ల దాటాక కాగితాల వంతు. అదనపు చిప్స్ కావాలంటే ‘ఫిల్ స్లిప్’ రాయాలి, దాని మీద ఇచ్చినవాడు, మోసుకొచ్చినవాడు, పుచ్చుకున్నవాడు వేర్వేరుగా సంతకం పెట్టాలి. నగదు పెట్టెను బల్ల నుంచి విడదీసే తాళం వేరు, దాన్ని తెరిచే తాళం వేరు, ఆ రెండు తాళంచెవులూ ఒకరి దగ్గర ఉండవు. లెక్కగదిలో కనీసం ముగ్గురుండాలి. 1978లో అట్లాంటిక్ సిటీలో క్యాసినోలకు తలుపులు తెరిచిన న్యూజెర్సీ, లెక్కపెట్టేవాళ్ళకు జేబుల్లేని ఒంటిముక్క దుస్తులు తప్పనిసరి చేసింది. తిరుమల పరకామణిలో హుండీ కానుకలు లెక్కపెట్టేవాళ్ళ ఒంటి మీద జేబు ఎందుకుండదో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

కెమెరాలుండగా ఈ తతంగమంతా ఎందుకని అడగొచ్చు. కెమెరాలు రాకముందు నెవాడా క్లబ్బుల పైకప్పుల్లో ఇరుకు నడవాలుండేవి. కాపలావాళ్ళు వాటి మీద తిరుగుతూ, ఒకవైపు నుంచే కనిపించే అద్దాల్లోంచి బైనాక్యులర్లతో కింది బల్లల్ని చూసేవారు. కెమెరా వచ్చి వాళ్ళ కాళ్ళనొప్పులు తీర్చింది గానీ, వందల తెరల్ని ఒకేసారి చూడగల మనిషి ఇంకా పుట్టలేదు. బల్ల దగ్గరున్నవాళ్ళు అనుమానపడితేనో, అంకెలు తేడాగా కనిపిస్తేనో రికార్డింగ్ వెనక్కి తిప్పి చూడటమే ఎక్కువ. పైగా కెమెరాకు యజమాని ఎవరో తెలియదు. 2013లో మెల్‌బోర్న్‌లోని క్రౌన్ క్యాసినోలో ఒక పెద్ద జూదరి దాదాపు 3.2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఎత్తుకుపోయాడని, అతడికి సమాచారం అందింది ఆ క్యాసినో సొంత కెమెరాల నుంచేనని వార్తలొచ్చాయి. వీఐపీల బాగోగులు చూసే ఉద్యోగి ఒకరి ఉద్యోగం ఊడింది.

ప్రతి ఉద్యోగినీ దొంగలా చూడటం అవమానం కాదా అన్నది ఇంతకన్నా బరువైన ప్రశ్న. కొంత అవమానమే. కానీ అరచేతులు చూపించే పద్ధతి లేనిచోట అనుమానం మాయమైపోదు, మేనేజరు ఇష్టాయిష్టాల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. బల్ల వరసగా ఓడిపోతోందని, ఏ తప్పూ చేయని డీలర్‌ను ఇంటికి పంపిన రోజులు పాత వేగస్‌లో ఉన్నాయి. అందరికీ ఒకే పద్ధతి ఉంటే నిజాయితీపరుడి చేతిలో కనీసం ఒక సాక్ష్యమైనా ఉంటుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. దొంగ ఒక్కడే, పక్కవాడు వాడితో కలవడు అన్న నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నిలబడింది. 2002 తర్వాత అమెరికాలో ఒక ముఠా ‘బకరా’ అనే పేకాట డీలర్లకు లంచాలిచ్చి, ముక్కలు కలుపుతున్నట్టు నటింపజేసింది. కట్టలో కొంత భాగం చెదరకుండా అలాగే ఉండిపోయేది. అంతకుముందు ఆ ముక్కలు పడిన వరస రాసుకున్నవాడికి తర్వాత ఏమొస్తుందో ముందే తెలిసేది. 2007లో అభియోగాలు నమోదైన ఆ కేసులో క్యాసినోలు 70 లక్షల డాలర్ల దాకా పోగొట్టుకున్నాయి. అంతా కెమెరాల కిందే, అచ్చం రోజూ చేసే సైగల్లోనే జరిగింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ ఇంటి యజమానే అయితే? నెవాడా 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది, 1945లో రాబడి మీద శాతం చొప్పున పన్ను మొదలుపెట్టింది. అప్పటి నుంచి ప్రతి చిప్‌లోనూ ప్రభుత్వం వాటాదారే. అయినా లెక్క రాయకముందే కొంత నగదు పక్కకు తీసి మాఫియా పెద్దలకు చేరవేసే ‘స్కిమ్మింగ్’ దశాబ్దాలు సాగింది. 1976 మేలో జూదాన్ని నియంత్రించే రాష్ట్ర గేమింగ్ కంట్రోల్ బోర్డు స్టార్‌డస్ట్ క్యాసినో మీద దాడిచేసి చూస్తే, నాణేలు తూచే యంత్రాలు దాదాపు మూడోవంతు తక్కువ చూపించేలా బిగించి ఉన్నాయి. యాజమాన్యం మారింది. 1983లో అదే స్టార్‌డస్ట్ మళ్ళీ దొరికింది, ఈసారి దొంగ ఫిల్ స్లిప్పులతో. బల్లకు రాని చిప్స్ వచ్చినట్టు రాయడమే కిటుకు. మన లెక్కలో 20,000 బదులు 30,000 అని రాసి చూడండి, మిగులు 15,000 కాస్తా 5,000కు దిగుతుంది, 10,000 నగదు చడీచప్పుడు లేకుండా బయటికి పోతుంది. కావలసిన సంతకాలన్నీ ఉంటాయి. కాకపోతే పెట్టించినవాడు పైన కూర్చున్నవాడు. 30 లక్షల డాలర్ల జరిమానా పడింది, క్యాసినో మరోసారి చేతులు మారింది.

అదంతా మాఫియా జమానా, ఇప్పుడివి షేర్ మార్కెట్ కంపెనీలు కదా అంటే, నిజమే. 1969లో నెవాడా పెద్ద కంపెనీలకు దారి తెరిచాక, బయటి ఆడిటర్లు వచ్చాక, యజమాని తన లెక్కగదినే దోచుకోవడం దాదాపు పోయింది. లెక్క చూసేవాడి బెడద మాత్రం పోలేదు. 1995లో అట్లాంటిక్ సిటీలో కీనో అనే అంకెల జూదంలో లక్ష డాలర్ల బహుమతి తగిలినవాడి వెనక తీగ లాగితే, సాక్షాత్తూ నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డులో జూద యంత్రాల ప్రోగ్రాములు తనిఖీ చేసే ఇంజనీరు బయటపడ్డాడు. తనిఖీ పేరుతో కొన్ని యంత్రాల ప్రోగ్రాములు తనకు అనుకూలంగా మార్చేసుకున్నాడని కూడా తేలింది. క్యాసినో గడప తొక్కకూడనివాళ్ళ జాబితా ఒకటి నెవాడాలో ఉంది, 1960లో మాఫియా మనుషుల్ని దూరం పెట్టడానికి మొదలుపెట్టినది. 1997లో అందులో ఆ ఇంజనీరు పేరు చేర్చారు.