ఓదనపాణినీయులు: ప్రాచీన విద్యాస్థానములందలి ఛాత్రపోషణము

విద్యార్థికిఁ గూడు, గుడ్డ, చాప, దీపము, మందు సమకూర్చుట విద్యాస్థానముయొక్క ధర్మమా, లేక విద్యకు వెలుపలిదైన దానమా? నేఁటి విశ్వవిద్యాలయములయందు వసతిగృహముల వ్యయమునుగూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల నీ ప్రశ్న పుట్టుచునే యున్నది. పూర్వకాలమున శిష్యుఁడు గురుగృహమున నివసించి, భిక్షాటనముచేఁ బొట్ట నింపుకొని చదివెననియు, వసతిగృహము, వైద్యశాల, పుస్తకభాండారము మొదలగునవి పాశ్చాత్యులు తెచ్చిన యేర్పాట్లనియుఁ బలువురు తలఁతురు. ఈ తలంపున సగము సత్యము కలదు. ధర్మసూత్రములు బ్రహ్మచారికి భిక్షాచర్యను విధించినమాట నిజమే. కాని దేశమున నలుదెసల దొరకిన శాసనములు వేఱొక చరిత్రమును జెప్పుచున్నవి. ఆ చరిత్రమునకు వ్యాకరణశాస్త్రమున నొక పూర్వరంగము కలదు. ముందు దానినిఁ జూడవలెను.

విద్యార్థివాచకమైన ఛాత్రశబ్దమును బాణిని ఛత్రశబ్దముమీఁద ణప్రత్యయము చేర్చి సాధించెను. ఛత్రమనఁగా గొడుగు. గొడుగు శీలముగాఁ గలవాఁడు ఛాత్రుఁడని యక్షరార్థము. ఐనచో గొడుగు పట్టు సేవకులందఱును ఛాత్రులు కావలసివచ్చునుగదా యని శంకించి, పతంజలి దానికి సమాధానము చెప్పెను. ఇచ్చట గొడుగనఁగా గురువే. గురువు శిష్యుని గొడుగువలెఁ గప్పి కాపాడవలెను. శిష్యుఁడును గురువును గొడుగునువలెఁ బరిపాలింపవలెను. ఇది యా భాష్యముయొక్క తాత్పర్యము. ఛాత్రుని పేరునందే నీడపట్టు ఇమిడియున్నదని దీనివలనఁ దెలియుచున్నది.

ఆ మహాభాష్యమునందే మఱి మూఁడు పదములు కలవు. ఓదనపాణినీయులు, ఘృతరౌఢీయులు, కంబలచారాయణీయులు. అన్నముకొఱకుఁ బాణిని శాస్త్రమును జదువువారు మొదటివారు. నేతికొఱకు రౌఢి శిష్యులైనవారు రెండవవారు. కంబళికొఱకుఁ జారాయణుని నాశ్రయించినవారు మూఁడవవారు. నింద తోఁచునపుడు పూర్వపదము ఆద్యుదాత్తమగునని విధించు సూత్రమునకుఁ గాశికావృత్తికారులు నిట్టి యుదాహరణములనే యిచ్చిరి. కావున నివి యెత్తిపొడుపుమాటలు. ఐనను, నిందయందును జరిత్ర కలదు. ఆ కాలమునఁ గొందఱు గురువులయొద్ద నన్నమును, కొందఱియొద్ద నేయియు, కొందఱియొద్దఁ గంబళియు దొరకుచుండెను. వానికొఱకు విద్యార్థులు వచ్చుచుండిరి. అట్లు వచ్చుట లోకమునకుఁ జులుకనగాఁ దోఁచుచుండెను. ఆఁకలిగొన్న విద్యార్థి కడుపు నిండుటకును జదువు సాగుటకును గల సంబంధమును దొలుత నిందగా భావించిన లోకము, తరువాత దానిని నియమముగా నెట్లు చేసికొన్నదో చెప్పునవి శాసనములు.

నాలందా మహావిహారమును మొదటఁ జెప్పవలెను. క్రీ. శ. 7వ శతాబ్దమున నచ్చటఁ జదివిన చీనాయాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగు జీవితచరిత్రమున, విహారపోషణకు 100 గ్రామము లీయఁబడినవనియు, ఆ గ్రామములవారు ప్రతిదినము బియ్యము, వెన్న, పాలు తెచ్చి యిచ్చుచుండిరనియుఁ జెప్పఁబడినది. అన్నము, వస్త్రము, శయ్య, ఔషధము అను నాలుగింటికొఱకు విద్యార్థులు యాచింపవలసిన పని లేదనియు, వారి విద్య పరిపూర్ణమగుటకు నిదియే మూలమనియు నా గ్రంథకర్త తేల్చెను. కొలఁదికాలమునకు వచ్చిన ఇత్సింగు నాఁటికి గ్రామముల సంఖ్య 200లకు మించినది. 9వ శతాబ్దమున సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుని కోరికపై దేవపాలుఁ డైదు గ్రామములను నాలందకు నిచ్చుచు, భిక్షువుల భోజనాదులతోపాటు రోగుల యౌషధములను, గ్రంథములను వ్రాయించుటను, విహారము జీర్ణమైనపుడు బాగుచేయించుటను దానప్రయోజనములుగాఁ దామ్రశాసనమునఁ బేర్కొనెను. సముద్రమునకు ఆవలి రాజొకఁడు మగధదేశపు విద్యార్థుల మందునుగూర్చి తలపోయుట గమనింపఁదగినది.

బౌద్ధవిహారములయందే కాక, దక్షిణాపథమున దేవాలయములను జేరియున్న విద్యాశాలలయందును నిట్టి యేర్పాట్లు కలవు. విజాపుర మండలములోని సాలొటిగి శాసనము క్రీ. శ. 945 నాఁటిది. రాష్ట్రకూట మూఁడవ కృష్ణుని మంత్రి నారాయణుఁ డచ్చట శాల కట్టించెను. నానాజనపదములనుండి వచ్చిన విద్యార్థులు నివసించుటకు 27 గృహములు, శాల దీపములకుఁ బ్రత్యేకముగా 12 నివర్తనముల భూమి, ప్రధానోపాధ్యాయునికి 50 నివర్తనములు నొక యిల్లు నేర్పడినవి. అంతటితో నాగక, ఊర వివాహము జరిగినచో 5 నాణెములు, ఉపనయనమునకు రెండున్నర, చౌలమునకు ఒకటింపాతిక శాల కీయవలెనని గ్రామస్థులు కట్టుబడిరి. శాలకు భూమి యీయఁబడెను. ఊరివారు తమ శుభకార్యములనుండి భాగము నిచ్చిరి. చదువు పరదేశి విద్యార్థులది, భారము ఊరందఱిది.

పూర్వపు హైదరాబాదు రాజ్యమునఁ జేరి, నేఁడు కర్ణాటకమునఁ గలబురగి మండలమున నున్న నాగావి గ్రామమునఁ జాళుక్య త్రైలోక్యమల్లుని దండనాయకుఁడు మధుసూదనుఁడు స్థాపించిన ఘటికాస్థానమును మఱువరాదు. క్రీ. శ. 1058 నాఁటి యా శాసనమున 200 మంది వేదవిద్యార్థులకును, 50 మందికిఁ బైఁబడిన శాస్త్రవిద్యార్థులకును నన్నవస్త్రములు విధింపఁబడినవి. వేదమునకు ముగ్గురును, శాస్త్రములకు ముగ్గురును ఉపాధ్యాయులు. వీరితో సమానసంఖ్యగా ఆర్గురు సరస్వతీభాండారికులు, అనఁగాఁ బుస్తకభాండారమును గాపాడువారు, నియమింపఁబడిరి. తాళపత్రములకుఁ జెద, పురుగు, చెమ్మ నిత్యశత్రువులు. ఉపాధ్యాయున కొక్కరు చొప్పున భాండారికులను నియమించినవారు పుస్తకరక్షణమును బోధనమునకుఁ దీసిపోని పనిగా నెంచిరనుట స్పష్టము.

లెక్కల విషయమున మిక్కిలి స్ఫుటమైనది చోళ రాజేంద్రుని (1012-1044) కాలపు ఎణ్ణాయిరము శాసనము. ఈ గ్రామము నేఁడు తమిళనాఁటఁ బూర్వపు దక్షిణార్కాటు ప్రాంతమున నున్నది. అచ్చట 14 గురు ఉపాధ్యాయులు, 340 మంది విద్యార్థులు. అందు 270 మంది చిన్నతరగతివారు: ఋగ్వేదమునకు 75, యజుర్వేదమునకు 75, ఛందోగసామమునకు 20, తలవకారసామమునకు 20, వాజసనేయమునకు 20, అథర్వమునకు 10, బౌధాయన గృహ్యకల్పాదులకు 10, రూపావతారమునకు 40. పెద్దతరగతివారు 70 మంది: వ్యాకరణమునకు 25, ప్రాభాకరమీమాంసకు 35, వేదాంతమునకు 10. పాణినిసూత్రములను బ్రకరణానుసారముగాఁ గూర్చిన ధర్మకీర్తి రూపావతారమును బాలురకును, అష్టాధ్యాయీక్రమమును బ్రౌఢులకును జెప్పుచుండిరని దీనివలన నూహింపవచ్చును.

చిన్నవారికి దినమునకు 6 నాళుల వడ్లు. పెద్దవారికి ఒక కుఱుణియు 2 నాళులును. 8 నాళులు ఒక కుఱుణి, 12 కుఱుణులు ఒక కలము. ఈ మానముచే లెక్కింపఁగా విద్యార్థుల పోషణకే దినమునకు 2,320 నాళులు, అనఁగా 24 కలములమీఁద 2 కుఱుణులు, వ్యయమగును. వడ్లు దంచినఁ బియ్యము సగమునకంటెఁ దక్కువగును. ఐనను దక్కినది యొక్క బాలుని భోజనమునకు మించియే యుండును. కావునఁ గూర, పప్పు, ఉప్పు, నేయి మొదలగు వెచ్చములును నా కొలఁతయందే చేరినవని తలఁపవలెను. పెద్దతరగతివారికి దీనిపై సంవత్సరమునకుఁ దలకు అర కళంజు బంగారము ముట్టుచుండెను. వ్యాకరణోపాధ్యాయునకు అధ్యాయమునకు ఒక కళంజు చొప్పున 8 అధ్యాయములకు 8, మీమాంసోపాధ్యాయునకు 12 అధ్యాయములకు 12 కళంజులు. ఇందులకై గ్రామసభవారు 45 వేలుల భూమిని గేటాయించిరి. ఇచ్చట ఓదనపాణినీయశబ్దముయొక్క నింద తొలఁగిపోయినది. పాణినీయమును జదువు ప్రతివాఁడును సభ యనుమతితో, కొలఁతప్రకారము, ఓదనమును బొందిన పాణినీయుఁడే. అడుగనక్కఱ లేనిచోట నెత్తిపొడుపునకుఁ దావు లేదు.

పుదుచ్చేరి ప్రాంతములోని త్రిభువని శాసనము (1048) రాజాధిరాజు కాలమునాఁటిది. అందు 260 మంది విద్యార్థులకును, 12 గురు ఉపాధ్యాయులకును గ్రాసము నియమించుటయే కాక, వారిని గ్రామసభా వారియముల పనులనుండి విడుదల చేసిరి. విద్యార్థికి ధాన్యముతోపాటు తీఱికయుఁ గావలెనని యా సభవా రెఱిఁగిరి.

పాలాఱు, చెయ్యాఱు, వేగవతి నదుల సంగమమునఁ దిరుముక్కూడలి గ్రామము కలదు. అచ్చటి వేంకటేశపెరుమాళ్ల కోవెలయందలి వీరరాజేంద్రచోళుని శాసనము (1067 ప్రాంతము) ఛాత్రపోషణ విషయమున నన్నిటికంటె సూక్ష్మమైనది. ఋగ్వేదమునకుఁ 10 మంది, యజుర్వేదమునకుఁ 10 మంది, వ్యాకరణ రూపావతారములకు 20 మంది, పాంచరాత్ర, వైఖానస, శైవాగమాదులకుఁ దక్కినవారు. మొత్తము 60 మందికి వసతి. వారికి భోజనమేకాక, పరుండుటకుఁ జాపలు, రాత్రి చదువుకొనుటకు దీపమునకు నూనె, శనివారములందుఁ దలంటుకొనుటకు వేఱుగా నూనె లెక్కకట్టి విధింపఁబడినవి. వండువారికిని, పనికత్తెలకును జీతములు కలవు. తలంటునూనెను గూడ రాజశాసనమునఁ జెక్కించుట కొందఱికి నల్పముగాఁ దోఁపవచ్చును. తల్లి యింట శనివారము తలంటుపోయు ఆచారముగల బాలునికి, తల్లి లేనిచోట నా పని యెవరు చేయుదురని తలఁచినవాఁడే యా పంక్తిని వ్రాయించియుండును.

ఈ విద్యాశాలకుఁ జేరి వీరచోళనామకమైన యాతురశాల యుండెను. అందుఁ 15 శయ్యలు. శాలలోని విద్యార్థులకును, దేవాలయమున సేవచేయువారికిని చికిత్స యచ్చటనే. వైద్యుఁ డొక్కఁడు, శస్త్రచికిత్సకుఁ డొక్కఁడు, మూలికలు తెచ్చి మందులు కాచువా రిద్దఱు, పరిచారికలు ఇద్దఱు, మంగలి, నీళ్లు మోయువాఁడు కలరు. వాసాహరీతకి, గోమూత్రహరీతకి, దశమూలహరీతకి, బిల్వాదిఘృతము, కల్యాణలవణము, పురాణఘృతము మొదలుగా నిరువది యౌషధము లేఁటేఁట నిలువచేయవలెనని పేరుపేరున వ్రాయఁబడియున్నది. రాత్రి రోగుల చెంత నొక దీపము వెలుఁగుచుండవలెను. చదువు, పడక, మందు ఒక్క కోవెల ప్రాకారములోపల నుండెను.

తెలుఁగుదేశమున నిట్టి సాక్ష్యము గుంటూరు మండలమున మల్కాపురమునఁ గలదు. కాకతీయ రుద్రమదేవి శక సంవత్సరము 1183, అనఁగాఁ గ్రీ. శ. 1261లో వేయించిన యీ స్తంభశాసనమును జయంతి రామయ్యపంతులు ప్రకటించిరి. గణపతిదేవుఁడు తన గురువైన విశ్వేశ్వరశివాచార్యునకుఁ గృష్ణకు దక్షిణతీరమునఁ గల మందడమును వాగ్దానము చేయఁగా, ఆయన కూఁతురు రుద్రమదేవి దానిని వెలగపూడితోఁ గూడ ధారపోసెను. ఆచార్యుఁడు గౌడదేశీయుఁడు. ఆయన విశ్వేశ్వరగోళకి యను పేర నగ్రహారము నెలకొల్పి, 60 బ్రాహ్మణకుటుంబములకుఁ దలకు రెండు పుట్ల భూమి యిచ్చి, మిగిలినదానిని మూఁడు సమభాగములు చేసెను. ఒక భాగము దేవునికి. రెండవది విద్యార్థుల భోజనమునకును శుద్ధశైవమఠమునకును. మూఁడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. ఋగ్యజుస్సామముల కొక్కొక్క యధ్యాపకుఁడును, పదవాక్యప్రమాణములకు, సాహిత్యమునకు, ఆగమమునకు నైదుగురు వ్యాఖ్యాతలును, ఒక వైద్యుఁడును, ఒక కాయస్థుఁడును నియుక్తులైరి. దేవుని భాగమును విద్యార్థుల పాలి భాగమును సమానమే. మందడము మొదలగు నీ గ్రామములు నేఁడు అమరావతి రాజధానీప్రాంతమునఁ జేరినవి. వెలగపూడిలో 2016 నుండి రాష్ట్రసచివాలయము పనిచేయుచున్నది. ఆ పరిసరములయందు విశ్వవిద్యాలయములును వెలసినవి. శాసనస్తంభము నిలిచియున్నది, శాలలు లేవు.

ఈ యేర్పాట్ల కొఱఁతనుగూడఁ జెప్పకుండుట న్యాయము కాదు. ఎణ్ణాయిరమునఁ దిరుముక్కూడలియందు వేదశాస్త్రాధికారము కలవారికే ప్రవేశము. మల్కాపురమున సత్రాన్నము బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు నాఁకలిగొని వచ్చినవారి కందఱికి వేళ చూడక పెట్టవలెనని విధింపఁబడినది. కాని వ్యాఖ్యాత ముందుఁ గూర్చుండు హక్కు అట్లు విధింపఁబడలేదు. భూదానము చేసినది స్త్రీ, ప్రసూతిశాల స్త్రీలకొఱకు, విద్యార్థిని మాట యెచ్చటను లేదు. అన్నము తెఱచిన వాకిలిని విద్య తెఱవలేదు.

మఱియొక కొఱఁత యాధారమును బట్టినది. ఇవన్నియు భూమిపై నిలిచినవి. భూమి పరహస్తగతమైనచోట శాల పడిపోయినది. విద్యార్థి తిరిగి వీథిని బడెను. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమువఱకుఁ దెలుఁగుదేశమునఁ బేద విద్యార్థులు వారములు చేసికొని చదివిరి. ఆదివారమొక యింట, సోమవార మొక యింట నిట్లేడిండ్ల యన్నము తిని చదివినవారిలో మహాపండితులైనవారు కలరు. పెట్టిన గృహిణుల పుణ్యము కొనియాడఁదగినదే. కాని వారముల బాలుఁడను పేరు ఓదనపాణినీయుఁడను పేరునకుఁ దెలుఁగు రూపాంతరమే. ఏ యిల్లాలు విసుగుకొన్నను నాఁటి పాఠము పోవును. ఆ దశనుండి విద్యార్థులను దప్పించుటకే హైదరాబాదునఁ 1918లో రెడ్డి వసతిగృహమువంటివి వెలసినవి. పిమ్మట విశ్వవిద్యాలయములును బ్రభుత్వములును వసతిగృహములను నిర్మించి, పూర్వశాసనములు మూసియుంచిన వాకిండ్లను గూడఁ దెఱచినవి.

కావున ఛాత్రపోషణము విద్యకు వెలుపలి దానము కాదు. పాశ్చాత్యులు తెచ్చినదియుఁ గాదు. ఉపాధ్యాయుని జీతమును జెక్కిన ఱాతిమీఁదనే విద్యార్థి చాపయు, నూనెయు, మందును జెక్కఁబడినవి. భేద మొక్కటియే: కొలఁత వ్రాసియున్నచోట ఛాత్రుఁడు తలయెత్తి చదివెను; దాత దయపై విడిచినచోటఁ దలవంచి చదివెను. పతంజలి చెప్పిన గొడుగు ఎవరి చేతనున్నను, అది యందఱిపై విప్పఁబడినప్పుడే ఛాత్రశబ్దము సార్థకమగును.